గురుమూర్తి ఆకు మీద వాసుదేవ చెయ్యి

వాసుదేవకు ఉన్నది ఒకటే చెడ్డ అలవాటు. విందుల్లో గురుమూర్తి ఆకు మీద నెయ్యి పడనివ్వడు. వడ్డించే ఆంజప్ప గిన్నె వంచగానే అరచెయ్యి అడ్డం పెట్టి, పడినదంతా తన అన్నంలో కలిపేసుకుంటాడు. ఆ వెనకే పూర్ణం పెట్టిన ఓళిగలు కూడా ఇటు మారిపోతాయి. గురుమూర్తి ముట్టనివి మాత్రమే. ఎంగిలి దగ్గర మనిషి మహా నిక్కచ్చి.

హోసూరు బజారులో ఇద్దరివీ పక్కపక్క కొట్లు. గురుమూర్తిది రాగుల మండీ, వాసుదేవది ఇనుప సామాను. ముప్పై ఏళ్ల స్నేహంలో లేని ఈ జబ్బు ఎనభై నాలుగు ఫిబ్రవరిలో పట్టుకుంది. ఆ నెలలోనే గురుమూర్తికి మెట్లెక్కితే ఎద పట్టేస్తోందని వాసుదేవ బెంగళూరు తీసుకుపోయాడు. తోడుగా తనూ పరీక్షకు రక్తం ఇచ్చాడు. తర్వాత రిపోర్టులు తెచ్చిందీ తనే.

"నీకేమీ లేదప్పా, గ్యాసు. పొద్దున్నే నడువు, చాలు."

గురుమూర్తి పొంగిపోయాడు. అంతకుముందు ఎవరో డాక్టరు కొంచెం బీపీ ఉందన్నందుకే వీలునామా రాసి మూడు రోజులు మంచం దిగని ధీరుడాయన.

కెలమంగలంలో రాజప్ప కూతురి పెళ్లిలో గురుమూర్తివి ఆరు ఓళిగలు పోయాయి.

"మీ ఇంట్లో వండరా ఏమప్పా?"

"వండతారు. నీ ఆకులోదే రుచి."

గురుమూర్తి ఇంట్లోనూ అదే వరస. కోమల వడలు వేస్తే మొగుడికి రెండు, వాసుదేవకు ఎనిమిది. గురుమూర్తికి భార్య మీద కూడా కోపం వచ్చింది.

నవంబరులో గురుమూర్తి షష్టిపూర్తి. బంధువులందరి ముందూ ఆ చెయ్యి మళ్లీ అడ్డం వచ్చింది.

"ఇంక చాలప్పా. రేపట్నించి నా పక్కన కూర్చోవద్దు. నా కొట్టుకూ రావద్దు."

వాసుదేవ ముఖం వాడిపోయింది. "సరే. ఒక్కసారి బెంగళూరుకు రా, రక్తం చూపించుకోని వద్దాం. ఆమీట నీ ఇష్టం."

బెంగళూరులో డాక్టరు శ్రీనివాసమూర్తి కాగితాలు చూసి సంతోషించాడు. "గురుమూర్తిగారూ, ఫిబ్రవరిలో మీ కొలెస్ట్రాల్ మూడొందల పది. ఇట్లే ఉంటే రక్తనాళాలు పూడుకుపోయి గుండెపోటు రావచ్చని మీ స్నేహితుడికి చెప్పి పంపాను. ఇప్పుడు రెండొందల ఇరవైకి దిగింది. వాసుదేవగారూ, మీదే అర్థం కావడం లేదు. నూట ఎనభై నుంచి రెండొందల తొంభైకి ఎక్కింది. ఏం తింటున్నారు?"

వాసుదేవ ఫ్యాను వైపు చూశాడు.

"నాది తింటా ఉండాడు సార్," అన్నాడు గురుమూర్తి.

తిట్టాలో కావలించుకోవాలో తెలియని గురుమూర్తి, తిరుగు బస్సు అత్తిబెలె దాటాక వాసుదేవ వైపు తిరిగాడు.

"ముందే చెప్పింటే ఏమప్పా?"

"చెప్పింటే కొవ్వుతో కాదు, భయంతో పోయిందువు. కోమలమ్మా అదే అనింది."

"పారేసుండచ్చు కదా. తినేది ఎందుకు?"

"నెయ్యి ఎవరన్నా పారేస్తారా?"

మరుసటి నెల కావేరిపట్టణంలో గృహప్రవేశం. ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఆంజప్ప గిన్నె వంచబోయి ఆగిపోయాడు. గురుమూర్తి ఆకు మీద వాసుదేవ చెయ్యి ఉంది. వాసుదేవ ఆకు మీద గురుమూర్తి చెయ్యి ఉంది.

"నేను ఎవరి చేతిలో పోసేదప్పా?"

"ముందుకు పో ఆంజప్పా," అన్నాడు గురుమూర్తి. "ఆడ వయసు పిల్లోళ్లు కూర్చోనుండారు."