ఆ చావును నేను ఒప్పుకోలేదు

ఆ చారిత్రక నవల నేను మొదట చదివింది అనంతపురంలో, ఇంటర్ చదివే రోజుల్లో. ముట్టడిలో చిక్కుకున్న ఒక కోట, దాన్ని నిలబెట్టుకోవాలని చూసే రాజు, రాణి దగ్గర పనిచేసే ఒక దాసి. చివరి అధ్యాయంలో కోట పడిపోతుంది. శత్రువుల చేతికి చిక్కకూడదని దాసి బావిలో దూకి చనిపోతుంది. దూకే ముందు నాలుగు పేజీలు మాట్లాడుతుంది. ఆ నాలుగు పేజీలూ నాకు కంఠతా వచ్చేవి. కాలేజీ వార్షికోత్సవంలో అమ్మ చీర కట్టుకుని స్టేజీ మీద చెప్పి, కప్పు కూడా గెలుచుకున్నాను.

తర్వాత ఉద్యోగానికి హైదరాబాదు వచ్చి కొండాపూర్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. హైటెక్ సిటీ భవనం అప్పుడే లేచింది. చుట్టుపక్కల ఇంకా బండలు పేలుస్తూనే ఉన్నారు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తికమకపడతాయని కంపెనీలు భయపడుతున్న కాలం అది. ఎవరో ఎప్పుడో రాసిన ప్రోగ్రాములు చదివి, వాటిలో తేదీలు సరిచేయడం నా పని. చదివీ చదివీ, రాసినవాడు ఎక్కడ తొందరపడి అతుకు వేశాడో పట్టేయడం అలవాటైంది.

కింది వాటాలో ఇల్లుగలామె ఉండేది. స్కూలు టీచరు, పుట్టి పెరిగింది ఆ ఊళ్లోనే. అక్కా అని పిలిచేదాన్ని. ఒకసారి నా దగ్గర ఆ నవల తీసుకుపోయింది. కొన్నాళ్లకు నేను మేడ మీద బట్టలు ఆరేస్తుంటే పుస్తకం పట్టుకుని పైకి వచ్చింది.

"ఏంది గిది? ఈ పిల్లకు కోటల ప్రతి సందు తెలుసంటడు గదా. సొరంగం ఏడున్నదో రాణికి గూడ తెల్వదు, ఈమెకు తెలుసు. మరి బాయిల ఎందుకు దూకింది? సొరంగంల కెళ్ళి పోవద్దా?"

"పరువు కోసం అక్కా."

"ఎవరి పరువు? జర చెప్పు."

ఒళ్లు మండింది గానీ, అది ఎవరి మీదో తెలియలేదు.

ఆ ఆదివారం నవల మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి కథ కోసం కాదు, రచయిత దాన్ని ఎలా అల్లాడో చూద్దామని. అప్పుడు తెలిసింది ఆ రచయిత ఎంత పనిమంతుడో. కోట ఇంత ఎత్తు, అంత వెడల్పు అని ఎక్కడా వర్ణించడు. దాసి నీళ్లబిందెతో మెట్లెక్కి రొప్పుతుంటే మనకు ఎత్తు తెలుస్తుంది. గోడకు ఆనించిన చెయ్యి చటుక్కున తీసేస్తే ఎండ తెలుస్తుంది. ఆమె మాటలన్నీ పొట్టివి. "వస్తున్నా." "ఉప్పు అయిపోయింది." "ఇటు రండి." ఆ మాటలతోనే ముట్టడి ఎంతగా బిగుసుకుంటోందో చెప్పేస్తాడు. అలాంటి మనిషి చివర్లో సమాసాల మీద సమాసాలు పేర్చి వంశప్రతిష్ఠ గురించి ఉపన్యాసం ఇస్తుంది. నేను స్టేజీ మీద గొంతు చించుకున్నది దానికే! అది ఆమె గొంతు కానే కాదు. సొరంగాన్ని అంత శ్రద్ధగా చూపించినవాడు, అవసరమైన రోజున దాని ఊసే ఎత్తలేదు.

మదీనాగూడలో ఒక రిటైర్డ్ లెక్చరర్ గారి ఇంట్లో నెలనెలా సాహిత్య సభ జరిగేది. ఆయన కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవారు. అక్కడ ఆ నవలా రచయితకు సన్మానం అని తెలిసి, అక్కను వెంటబెట్టుకుని వెళ్లాను. శాలువా కప్పారు. మాట్లాడినవాళ్లందరూ ఆ చివరి అధ్యాయాన్నే పొగిడారు. నేను లేచాను.

"సార్, రాజు చరిత్రలో ఉన్నాడు. దాసి ఉందా?"

"లేదమ్మా. ఆమె నా కల్పన," అన్నారాయన సంతోషంగా.

"అట్లయితే ఆమెను చంపింది చరిత్ర కాదు, మీరు. సొరంగం తెలిసిన మనిషిని బావిలోకి ఎందుకు పంపినారు?"

లెక్చరర్ గారు అడ్డం వచ్చారు. "చూడండమ్మా, మీ కంప్యూటర్ వాళ్లకి అన్నీ లెక్కల్లాగే కనిపిస్తాయండి. ఇది రసం. కూర్చోండి."

నేను కూర్చోలేదు. పుస్తకం తెరిచి మొదటి అధ్యాయంలో ఆమె మాటలూ, చివర్లో ఆమె మాటలూ ఒకదాని వెంట ఒకటి పైకి చదివాను. చదివే కొద్దీ ఆ తేడా నాకే ఇంకా గట్టిగా వినిపించింది.

రచయిత శాలువా అంచు సర్దుకున్నారు. "ఆమెను బతకనిస్తే నవల ఎలా ముగించాలో నాకు తెలియలేదమ్మా," అన్నారు.

"తెలియకపోతే చంపేస్తారా సార్?"

అక్క నన్ను కూర్చోమని లాగుతుందనుకున్నాను. ఆమె కూడా లేచి నా పక్కన నిలబడింది. "నేను గూడ గదే అడుగుతున్న సార్. తోవ తెల్సిన పిల్ల పోవద్దా?"

ఆయన కోపగించుకోలేదు. "చదివినవాళ్లంతా ఏడ్చారు. అది చాలనుకున్నాను," అన్నారు.

"నేనూ ఏడ్చినా సార్. అందుకే అడుగుతాండా."

టీ ఇచ్చేటప్పుడు మాతో ఎవరూ మాట్లాడలేదు. లెక్చరర్ గారు మాత్రం గేటు దాకా వచ్చి, "వచ్చే సభ ఎప్పుడో కబురు చేస్తామండి," అన్నారు. ఆ గొంతులోనే తెలిసిపోయింది, చేయరని.

బొంబాయి హైవే మీద బస్సు కోసం నిలబడ్డప్పుడు అక్క అడిగింది. "ఇగ ఆ పుస్తకం పారేస్తవా?"

"ఎందుకు పారేస్తా? చేతకానోడు రాసింటే ఎప్పుడో వదిలేసేదాన్ని. అంత ప్రాణమున్న మనిషిని చేసి, ఇంత చావు రాసినాడే, అదే నా బాధ."

కబురు రాలేదు. మరుసటి నెల మేమే వెళ్లి ముందు వరసలో కూర్చున్నాం. ఆ రోజు ఇంకెవరిదో, ఇంకో కోట గురించిన నవల. పొగడ్తలు ముగియకముందే అక్క చెయ్యెత్తింది.