గోడ మీది నాలుగో నంబరు

బెన్హర్‌కి చేత్తో చేసిన పనంటే గిట్టదు. బోగోలు నుంచి మనుబోలు దాకా నలభై మూడు రొయ్యల గుంటల గట్ల మీద అతను పెట్టిన చిన్న లినక్స్ కంప్యూటరు పెట్టెలున్నాయి. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే అవే నీళ్లు చిలికి గాలి ఎక్కించే ఏరియేటర్లను తిప్పుతాయి. ఏ పెట్టె ఎలా ఉండాలో నెల్లూరులో తన గదిలో కూర్చుని అతను ఒక ఫైల్లో రాస్తాడు. పెట్టె ఆ రాతను తెచ్చుకుని అచ్చం అలాగే తయారవుతుంది. రాయనిదేదైనా సరే, ఆగి మళ్లీ మొదలైనప్పుడు మరిచిపోతుంది. కొత్త రాత బెడిసికొడితే పాత రాతకు వెనక్కి పోవచ్చు.

"ఫైల్లో లేదంటే లోకంలో లేనట్టే అన్నా" అని రైతులకు చెప్పేవాడు. ఇంత నమ్మకంగా పాస్టరుగారు కూడా చెప్పలేరని వాళ్లమ్మ రెబెక్కమ్మ అనేది.

బోగోలు దగ్గరి హజరత్తయ్య మాత్రం మోటారు షెడ్డు గోడను నమ్ముకున్నాడు. మేత మార్చిన రోజు, మోటారు కాలిన రోజు, ఎవరొచ్చి ఏ తీగ ముట్టుకున్నదీ అంతా బొగ్గుతో రాసేవాడు.

"సున్నం కొట్టించన్నా, చూడలేకపోతుండా" అని నవ్వాడు బెన్హర్. ఎవరూ చేయి పెట్టకుండా స్విచ్చుల పెట్టెకు తాళం వేసి, చెవి తన జేబులో వేసుకున్నాడు.

నవంబరులో మూడు రోజులుగా ఎండ మొహం చూడని ఒక మధ్యాహ్నం, నలభై మూడింటికీ కొత్త రాత పంపాడు. అన్నీ బుద్ధిగా ఆగి, మళ్లీ మొదలయ్యాయి. కాసేపటికి హజరత్తయ్య నుంచి ఫోను వచ్చింది.

"అబ్బయా, ఏరియేటర్లు తిరగటంలా."

"తిరగతా ఉండాయన్నా. నా స్క్రీను మీద పచ్చగా ఉంది."

"అయితే రొయ్యల్ని కూడా నీ స్క్రీను మీదికే తోలతా, పెంచుకో. ఈడ గాలాడక పైకి తేలతా ఉండాయి."

బెన్హర్ పోయిన నెల రాతకు వెనక్కి పోయాడు. "తిరిగినాయా?"

"లా."

అంతకు ముందుదానికి పోయాడు.

"లా. తాళం పగలగొట్టి చేత్తో స్విచ్చేద్దామంటే నువ్వేసింది మహా గట్టిదాయె."

తాళంచెవి తీసుకుని బయల్దేరినా గంట పైన పడుతుంది. అరవై రోజుల పంట అంతసేపు ఆగదు. అవతల హజరత్తయ్య కళ్లజోడు సర్దుకుని గోడ దగ్గరికి పోయాడు కాబోలు.

"గోడ మీద నీ పేరుంది. చదవమంటావా?"

"చదువన్నా."

"అక్టోబరు ఇరవై రెండు. పిడుగు పడింది. పెట్టెలో రెండో పాయింటు కాలింది. తీగ తీసి నాలుగులో పెట్టినాడు బెన్హర్. ఇంటికి పోయి రాస్తానన్నాడు."

నిజమే. ఆ రోజు వానలో తడుస్తూ, పెట్టె ముందు గొంతుక్కూర్చుని, తీగ మార్చి, పెట్టెలో కూడా అప్పటికప్పుడు రెండుని నాలుగు చేసింది తన చేతులే. ఇంటికి పోయి, అన్నం తిని, పడుకున్నాడు. ఆ పెట్టె ఇవాళ్టి దాకా ఆగలేదు గనక తప్పు బయటపడలేదు. ఏ రాతలోనూ ఎక్కని నాలుగు, ఎన్ని రాతలు వెనక్కి పోతే మాత్రం ఎక్కడ దొరుకుతుంది?

ఫైల్లో రెండు కొట్టేసి నాలుగు పెట్టి పంపాడు. ఫోనులో నీళ్లు చిందుతున్న చప్పుడు వినపడింది.

సాయంత్రం అతను గట్టు మీదికి వెళ్లేసరికి చచ్చిన రొయ్యలు రెండు బుట్టలే తేలాయి. తాళంచెవి హజరత్తయ్య చేతిలో పెట్టాడు. తర్వాత గోడ ముందు నిలబడి, మూల నుంచి మూలకు మొత్తం ఫొటోలు తీసుకున్నాడు.

వెళ్తూ వెళ్తూ చూస్తే, కింద కొత్త బొగ్గురాత ఉంది: "తాళంచెవి ఇచ్చినాడు. నాలుగు సంగతి ఫైల్లో రాసినానంటాడు. నేను చూడలా."