లిఫ్టక్క పట్టిన పగ

ఓపిక అనేది లిఫ్టక్క పుట్టుకలోనే లేదు. నెలలు నిండకముందే పుట్టిందని, ఆ తొందర ఇంకా తగ్గలేదని వాళ్లమ్మ అందరికీ చెప్పేది. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నిలబడలేదు. ఎవరైనా ఊసు చెబుతుంటే, "సరే, చివరికి ఏమైందో చెప్పు" అంటుంది. అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం చూడండి: పాత ఆఫీసు భవనంలో, ఇనప కటకటాల తలుపున్న లిఫ్టులో, ఎత్తు స్టూలు మీద కూర్చుని పొద్దస్తమానం జనాన్ని పైకీ కిందికీ తిప్పడం. లిఫ్టు కదులుతున్నంతసేపూ ఆమెకు బాగానే ఉండేది.

ఆ ఏడు వాళ్లు ఇల్లు మారారు. కొత్తింటి కుళాయికి నీళ్లు కట్టేసి ఉన్నాయి. వదిలించాలంటే నీళ్ల ఆఫీసు నుంచి కాగితం కావాలి. ఆ ఆఫీసు ఉన్నది ఈ భవనంలోనే, నాలుగో అంతస్తులో. "మన చేతిలో పనే అత్తయ్యా, రేపటికల్లా నీళ్లొస్తాయి" అని మాటిచ్చి, ఒక పూట సెలవు పెట్టి వరసలో నిలబడింది.

వరస మెట్లదాకా ఉంది. ముందున్నాయన చెమట వాసన, నడుముకు గుచ్చుకునే వెనకావిడ సంచి, ఎవరిదో చంటిపిల్ల ఏడుపు. ఈ కాలి మీద కాసేపు, ఆ కాలి మీద కాసేపు ఒరిగి, చివరికి కిటికీ దగ్గరికి చేరింది. లోపల భారీ శరీరం గుమాస్తా. సరిగ్గా అప్పుడే పక్క తలుపులోంచి ఎవడో దూరి, "ఏం బావా" అంటూ గుమాస్తా భుజం మీద చెయ్యేశాడు. వాడి పని నవ్వుతూ నవ్వుతూ అయిపోయింది. ఆ వెంటనే కిటికీ రెక్క దబ్బున పడింది.

"భోజనాల టైము. రేపు రండి."

మర్నాడు సంతకం పెట్టేవాళ్లు రాలేదన్నాడు. ఆ మర్నాడు ఆమె గొంతు పెంచింది. "రోజూ పని మానుకుని రావాలంటే ఎలాగండీ?"

గుమాస్తా కళ్లజోడు పైనుంచి చూశాడు. "లిఫ్టులో కూర్చునేదానివి, మానుకోవడానికి నీకేం పనుందమ్మా?"

వరసలో ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు ఆమెకు ఒళ్లంతా కారం రాసినట్టయింది.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి అత్తగారు చేతికి కట్టుతో కూర్చుని ఉంది. వీధి చివరి పంపు నుంచి బకెట్టు మోసుకొస్తూ జారిపడిందట. మణికట్టు బెణికింది. "ఏం కాలేదులేవే," అంది ముసలావిడ. కోడలు పళ్లు కొరుక్కుంటూ, వాడి సంగతి చూస్తాననుకుంది.

మర్నాడు పొద్దున గుమాస్తా రొప్పుతూ లిఫ్టు దగ్గరికి వచ్చాడు. ముందున్నవాళ్లను ఎక్కించుకుని, అతని ముక్కు ముందే కటకటాలు లాగేసింది.

"ఇంకొకరికి చోటుందిగా!"

"ఒకరికుంది. మీకు లేదు."

మోకాళ్ల నొప్పులతోనే మెట్లెక్కాడు. తర్వాతి రోజు తెలివిగా అందరికన్నా ముందొచ్చి నిలబడ్డాడు. ఆమె తలుపేసుకుని, ఒళ్లో టిఫిన్ డబ్బా విప్పింది.

"భోజనాల టైమండీ."

"తొమ్మిదిన్నరకా?"

"నా కడుపు, నా ఇష్టం."

గేటు దగ్గరి కాపలావాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "పైవాళ్లకు చెబుతాడేమో అక్కా!"

"చెప్పుకోమను. అక్కడా వరసుంటుంది."

ఒక సాయంత్రం నాలుగో అంతస్తు గంట ఆగకుండా మోగింది. గుమాస్తాయే అయ్యుంటాడని లిఫ్టును ఆపకుండా దాటించేసింది. దాటుతుండగా కటకటాల్లోంచి కనబడింది: అతని పక్కన ఒక ముసలాయన, గోడకు చేరగిలబడి ఉన్నాడు. పొద్దున ఆయన్ని పైకి తెచ్చింది తనే. రోజంతా నిలబడి నిలబడి మొహం పీక్కుపోయింది. ఆమెకు సిగ్గేసింది. లిఫ్టును మళ్లీ పైకి తిప్పింది.

"రండి పెద్దాయనా."

గుమాస్తా కూడా అడుగేశాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏంటమ్మా ఈ వేషాలు? నీ కాగితం గురించేగా? రేపు పక్క తలుపులోంచి రా, క్షణంలో ఇచ్చేస్తా."

సరేననే మాట నాలిక చివరిదాకా వచ్చింది. అత్తగారి కట్టు కళ్లముందు మెదిలింది. కానీ ముసలాయన వింటున్నాడు.

"వరసలోనే వస్తానండీ," అని తలుపు లాగేసింది.

అలాగే వెళ్లి నిలబడింది. గుమాస్తా తలెత్తకుండా ముద్ర గుద్ది కాగితం తోశాడు. ఆ వారంలోనే కుళాయి పారింది. అత్తగారు బాగున్న చేత్తో నీళ్లు తడిమి చూసి, "పనైపోయిందిగా, ఇంక ఆ మనిషిని వదిలెయ్యవే," అంది.

"పనైంది అత్తయ్యా. నా కోపం అవలేదు."

నిజంగానే అవలేదు. ఆ భవనంలో మెట్లు లిఫ్టును చుట్టుకుంటూ పైకి పోతాయి. గుమాస్తా కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే, ఆమె ఖాళీ లిఫ్టును అంతస్తు అంతస్తుకీ అతనికి ఎదురుగా ఆపి, అతను చెమట తుడుచుకోవడం తీరిగ్గా చూసేది. ఆ రోజుల్లో రాత్రిళ్లు హాయిగా నిద్రపట్టేది.

కొన్నాళ్లకు గుమాస్తా లిఫ్టు వైపు చూడటమే మానేశాడు. గేటు దాటగానే నేరుగా మెట్ల వైపు తిరుగుతాడు. రొప్పు కూడా తగ్గింది. ఇది ఆమెకు మింగుడుపడలేదు. అడగని మనిషిని కాదనేదెలా?

ఇప్పుడు రోజూ అతనొచ్చే వేళకు తలుపు బార్లా తీసి, మీట మీద చెయ్యేసి, గేటు వైపే చూస్తూ కూర్చుంటుంది. లోపలున్నవాళ్లు విసుక్కుంటారు. "ఇంకెవరి కోసం అక్కా? పోనివ్వు!"

"ఉండండి, ఒక్క నిమిషం," అంటుంది లిఫ్టక్క.

ఒక్కసారి ఇటు అడుగేస్తే చాలు. అతని మొహం మీదే తలుపు లాగేస్తుంది.