అత్త వదిలిపెట్టిన మొదటి కుచ్చు

మా ఎదురింటి అత్త పోయింది. ఆ కబురు నాకు హిందూపురం నుంచి తిరిగొచ్చే బస్సులో అందింది. ఆమె తెమ్మన్న పట్టుదారం ఉండలు నా ఒడిలోనే ఉన్నాయి. "అత్త పోయింది, దిగినాక నేరుగా ఆమింటికే రా" అన్నాడు మా ఆయన ఫోన్లో. పొద్దున నేను బస్సుకు పోతుంటే వాకిలి ఊడుస్తూ కనిపించిన మనిషి. చీపురు గోడకు ఆనించి, గడప మీద కూర్చుని, అట్లాగే పక్కకు ఒరిగిపోయిందట.

అత్త అంటున్నానని చుట్టం అనుకునేరు. చుట్టరికం ఏమీ లేదు. నేను కొత్త కోడలిగా చిలమత్తూరు వచ్చినప్పుడు ఎదురింట్లో ఉన్న పెద్దామె, అందుకని అత్త. మా ఇద్దరిదీ ఒకటే పని. పట్టుచీరల కొంగు అంచుకు రంగు దారాలు పాయలుగా కట్టి, పూసలు గుచ్చి, ముడులేసి కుచ్చులు వేలాడదీస్తాం. పెళ్లికూతురు చీర కుచ్చుల్లేకుండా పీటల మీదికి పోవడం మా వైపు ఇప్పుడు ఎవరూ ఒప్పుకోరు. మాకు దుకాణం లేదు, బోర్డు లేదు, నెల తిరగ్గానే జీతం చేతిలో పెట్టే యజమాని లేడు. పని ఇచ్చేవాళ్లను మేమే సంపాదించుకోవాలి. చదువుకున్న పిల్లలు దీన్ని ఫ్రీలాన్సింగ్ అంటారు. అత్త మాత్రం "మనది ఎదురుచూపుల పని పాపా" అనేది.

ఆమె భర్త, నేను మామ అని పిలిచే మనిషి, జబ్బు చేసి పోయాక ఆమె కొన్నాళ్లు వేరుశనగ చేలకు కూలికి పోయింది. వానలు ముఖం చాటేశాక చేలల్లో పిలిచేవాళ్లు లేకుండా పోయారు. అప్పుడు సరిహద్దు అవతల బాగేపల్లిలో ఉన్న చెల్లెలి దగ్గర ఈ పని నేర్చుకుంది. ఆ తర్వాత నాకు నేర్పింది. నేర్పడమంటే మెత్తగా కాదు. ముడి వదులుగా పడితే మాట్లాడకుండా మొత్తం విప్పేసి నా ఒళ్లో పడేసేది. పని చేసేటప్పుడు నా గాజులంటే ఆమెకు చికాకు. "పైకి దోపుకో పాపా, దారం చిక్కుకుంటాది" అని రోజూ చెప్పించుకున్నాను.

అయితే చేతిపని నేర్చుకోవడం ఒకెత్తు, పని తెచ్చుకోవడం ఇంకొకెత్తు. మొదట్లో నేను తెలిసిన ఇళ్లన్నిటికీ పోయి "మీ చీరలుంటే ఇవ్వండి" అని అడిగేదాన్ని. మంచినీళ్లిచ్చి పంపేవాళ్లు. అత్తకు అది తెలిసి కోపం వచ్చింది.

"అడుక్కుంటే పని రాదు. కంట్లో పడితే వస్తాది. నువ్వు పెండ్లిండ్లకు పోతాండావా లేదా?"

"పోతాండా అత్తా."

"పోయి ఏం చేస్తాండావు?"

"తిని వస్తాండా."

"అదే నీతో వచ్చింది. పంక్తిలో కొసన కూచో. కొంగు ఒళ్లో పెట్టుకోవద్దు, యాలాడనీ. వడ్డించే ఆడోళ్లు ఆ పక్కనే తిరుగుతారు. నేనేసినానని నువ్వు నోరు తెరవద్దు. ఎవరో ఒకామె కుచ్చును చేత్తో పట్టుకుంటాది. పట్టుకున్నామె అడక్కుండా పోదు."

ఆమె వేసిన కుచ్చుల చీర కట్టించి, కొంగు ఎటు పడాలో సర్ది, నన్ను పెళ్లిళ్లకు పంపేది. నవ్వొచ్చేది నాకు. కానీ ఆమె చెప్పినట్టే జరిగింది. ఒక పెళ్లిలో సాంబారు వడ్డించే ఆమె గిన్నె కింద పెట్టి మరీ నా కొంగు చేతిలోకి తీసుకుంది. ఇంటికొచ్చి చెబితే అత్త మురిసిపోయి, "సాంబారు వేసిందా లేదా?" అని అడిగింది. తాను మాత్రం ఏ పెళ్లికీ వచ్చేది కాదు. ఎందుకని నేను చాలా రోజులు అడగలేదు. అడిగే అవసరం కూడా లేదు, మీకూ తెలుసు.

బేరం దగ్గర ఆమెకో లెక్క ఉండేది. "గీచి గీచి బేరమాడినామె మళ్లీ వస్తాది. ఊరికే తలకాయ ఊపినామె రాదు" అనేది. చీరతో పాటు ఒక కుచ్చు ఎక్కువ కట్టి, చిన్న గుడ్డలో చుట్టి ఇచ్చేది. ఎప్పుడైనా ఒకటి ఊడిపోతే కుట్టుకుంటారని. దాన్ని ఎవరూ వాడినట్టు లేరు కానీ, అది ఇచ్చినామెను మాత్రం ఎవరూ మరిచిపోలేదు. బెంగళూరు నుంచి కూడా చీరలు వచ్చేవి.

ఆ దినాల్లోనే ఒకావిడ ముందుగా చెప్పకుండా కూతురి ముహూర్తం చీర ఎంతవరకు వచ్చిందో చూసిపోదామని వచ్చింది. కారు దిగి, నా ఇల్లనుకుని అత్త ఇంట్లోకి పోయింది. నేను వెనకే పరిగెత్తాను. అత్త ఒళ్లో చీర పరుచుకుని పని చేస్తోంది. వచ్చినావిడ చీర వైపు చూడలేదు. అత్త నుదురు చూసింది, బోసి చేతులు చూసింది. సూది ఇంకా అంచులో ఉండగానే చీరను అత్త ఒళ్లో నుంచి మెల్లగా లాగి, మడతపెట్టుకుని, వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది. నేను వెనక పడి ఆమెను నాలుగు మాటలు అన్నాను. నాకు నోరెక్కువ. అత్త లోపలి నుంచే "ఊరకుండు పాపా" అని కేకేసింది.

ఆ తర్వాత ఆమె రెండు నియమాలు పెట్టింది. ఫోన్లో స్టేటస్‌కు పెట్టే ఫోటోల్లో నా చేతులే కనపడాలి. పని ఆమెది, చేతులు నావి. ఫోటోలు తీసేది ఆమే. పని చేసేటప్పుడు పైకి దోపుకోమన్న గాజులను అప్పుడు మాత్రం "కిందికి లాక్కో, నిండుగా కనపడల్ల" అనేది. రెండో నియమం, పెళ్లిచీర ఏదైనా సరే మొదటి కుచ్చు నేను వెయ్యాలి. ఆ ఒక్కటీ నేను ముడేసి ఇస్తే మిగతా వరసంతా ఆమె వేసేది. ఎవరేసినారని ఎవరైనా అడిగితే నా పేరే చెప్పమంది.

నాకు ఒళ్లు మండేది. ఒకసారి మొహం మీదే అడిగాను. "వాళ్లు నమ్మితే నమ్మినారు. నువ్వు కూడా నమ్ముతావా అత్తా?"

ఆమె దారం దువ్వుతూ చెప్పింది. "నమ్మకం కాదు పాపా. రేపు ఆ పిల్ల సంసారంలో ఏదన్నా చెడు జరిగిందనుకో, వాళ్లకు నా చెయ్యే గుర్తొస్తాది. ఆ మాట నేను పడలేను. మామ పోయినప్పుడు పడినవి చాలు."

ఆమెను దాచిపెట్టి ఆమెకు పని తెచ్చానా, పని తెచ్చే పేరుతో ఆమెను ఇంకా లోపలికి తోశానా అన్నది ఇప్పటికీ తేలడం లేదు. రాసే కొద్దీ దుఃఖం కంటే కోపమే ముందుకొస్తోంది. ఆ కోపంలో సగం ఆమె మీద కూడా ఉంది.

పోయేముందు ఆమె చేతిలో ఉన్నది అరటాకు పచ్చ రంగు ధర్మవరం చీర. పెళ్లి దగ్గర పడింది. ఆ చీర వచ్చినప్పుడు నేను గుంతకల్లులో మా నాయనకు ఒంట్లో బాగాలేకపోతే చూడబోయాను. తిరిగొచ్చిన సాయంత్రం అత్త అరుగు మీద నుంచే అడిగింది. "ఒక ముడేసి పోరాదా?" నేను అలసిపోయి ఉన్నాను. "హిందూపురం పోయొచ్చినాక వేస్తాలే అత్తా" అన్నాను. "సరేలే, యాడికి పోతాది" అంది.

దినాలయ్యాక కదిరిలో ఉండే ఆమె కూతురు ఇల్లు సర్దుతూ ఆ చీర తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇది ఎవరిదో వదినా, నువ్వే చూసుకో." ఆ అమ్మాయి వెళ్లాక విప్పి పరిచాను. వరసంతా పూర్తయింది. పూసలు, ముడులు, అన్నీ ఒక ఎత్తులో. ఎడమ వైపు మొదట్లో మాత్రం ఒక కుచ్చు పట్టేంత ఖాళీ ఉంది. దానికి సరిపడే దారం పాయ సూదికి ఎక్కించి, ఆ ఖాళీ పక్కనే అంచుకు గుచ్చి పెట్టి ఉంది. నా కోసం. నేను ఆ చీర మీదే తల పెట్టుకుని ఏడ్చాను, పట్టు మీద కన్నీళ్లు పడితే మరక అని తెలిసి కూడా.

ఆ ఒక్కటీ వేసి పంపేస్తే పనైపోతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. కానీ చెయ్యి రాలేదు. పెళ్లికూతురి తల్లికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఇది వేసింది నేను కాదు, మా ఎదురింటి అత్త, మామ లేని మనిషి, ఇప్పుడు ఆమె కూడా లేదు, నా చేతిది ఇంకా పడలేదు అని. వద్దంటే చీర డబ్బులు ఎట్లాగైనా కట్టుకుంటానన్నాను.

"ఎందుకు చెప్పినావు పాపా ఇదంతా నాకు?" అంది ఆమె. గొంతులో కోపం లేదు, భయం ఉంది. "ఇంగెవరికీ చెప్పొద్దు. మా అత్తగారికి తెలిస్తే పెండ్లే ఆపుతాది. ఆ ఒక్కటీ నువ్వేసి పంపు. ఏమీ జరగనట్టే ఉండు."

ఏమీ జరగనట్టే. ఫోన్ పెట్టేశాక ఆ మాటే చెవిలో తిరిగింది. వేశాను. కిటికీ దగ్గర కూర్చుని, గాజులు మోచేతి దాకా దోపుకుని, ఆమె ఎక్కించిన సూదితోనే వేశాను. ముడి బిగించే ముందు మా ఆయన్ను పిలిచి ఫోటో తీయమన్నాను.

"గాజులు కనపడలేదు, కిందికి లాక్కో" అన్నాడు.

"అట్లే తియ్యి."

నా మొహం చూసి అట్లే తీశాడు. ఆ ఫోటో స్టేటస్‌లో పెట్టాను. చీర ఎవరిదో తెలియకుండా అంచు మాత్రమే కనపడేట్టు కత్తిరించి, కింద ఇట్లా రాశాను: "ఇన్నేళ్లూ మీరు మెచ్చుకున్న కుచ్చులు మా ఎదురింటి అత్త వేసినవి. మొన్న ఆమె పోయింది."

ఈ పనే మా ఇంటికి సగం ఆధారం. ఒక్కొక్కరే చూస్తున్నారు. హిందూపురం వాళ్లు చూశారు, బెంగళూరు వాళ్లు చూశారు. పెళ్లికూతురి తల్లి కూడా చూసింది. ఎప్పుడూ పువ్వుల బొమ్మలు పంపేవాళ్లు ఏమీ పంపలేదు. వచ్చే నెలకు చీర ఇస్తానన్నావిడ ఆ చీర ఇప్పుడే వద్దులే అని మెసేజ్ పెట్టింది. మిగిలినవాళ్లు వస్తారో రారో ఇది రాస్తున్నప్పటికి నాకు తెలియదు.

సాయంత్రానికి ఇంకో మెసేజ్ వచ్చింది. కదిరి నుంచి, అత్త కూతురిది. "వదినా, అమ్మ చేతులు ఎప్పుడు తీసినావు? నా దగ్గర ఒక్క ఫోటో కూడా లేదు. ఇది నాకు పంపు."

అవి నా చేతులని రాయబోయి, ఫోటోను పెద్దది చేసి చూశాను. బోసిగా రెండు మణికట్లు, పచ్చ దారం, బొటనవేలు కింద పాయను అదిమిపట్టి చిటికెన వేలు పక్కకు చాచిన తీరు. దారం అచ్చం అత్తలాగే పట్టడం నాకెప్పుడు అలవాటైందో తెలియదు. ఏమీ రాయకుండా ఫోటో పంపించాను.