పది సీసాల్లో ఒకటి

పిల్లలు ఆవిడను సీసాలక్క అనేవాళ్ళు. మా బడి కెమిస్ట్రీ ల్యాబులో అటెండరు. భర్త పోయాక ఆయన ఉద్యోగమే ఆవిడకు ఇచ్చారు. అప్పటికి పన్నెండేళ్ళుగా అక్కడే పనిచేస్తోంది. నేనేమో కొత్తగా వచ్చిన సైన్సు మాస్టారిని. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్న సామెత నాలాంటివాణ్ణి చూసే పుట్టి ఉంటుంది.

వచ్చిన వారానికే ల్యాబు బీరువా తెరిచి మొహం చిట్లించాను. సీసాల మెడలకు దారాలు! ఒకదానికి ఎర్రది, ఒకదానికి పచ్చది, ఇంకోదానికి నల్లది.

"ఏంటక్కా ఇది? సీసాలకు జడలేశావా?" అని వెక్కిరించాను.

ఆవిడ నవ్వింది. "రంగున్నవాటితో బాధ లేదు సార్. మైలుతుత్తం నీలంగా ఉంటుంది, ఇంత దూరం నుంచే తెలుస్తుంది. అమ్మోనియా సంగతి మూత తీస్తే ముక్కే చెబుతుంది. నీళ్ళలా ఉండేవాటితోనే చావు. అందుకని గుర్తులు పెట్టుకున్నా."

వినే ఓపిక నాకెక్కడిది? కత్తెర తెచ్చి దారాలన్నీ కత్తిరించి పారేశాను. అచ్చు వేయించిన చీటీలు అంటించాను. ఒక పెద్ద సీసా మీద 'గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం', పక్కదాని మీద 'సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం'. గాఢం అంటే చర్మం కాల్చేది. దాన్నే నీళ్ళలో కొద్దికొద్దిగా కలిపి పలచన చేస్తే సజలం, పిల్లలు వాడేది. చూడటానికి రెండూ నీళ్ళే. ఆవిడ చీటీల వంక కాసేపు చూసి, "బాగున్నాయి సార్" అంది. నేను మెచ్చుకోలు అనుకుని పొంగిపోయాను.

ఇక అప్పట్నుంచి చోటును బట్టి గుర్తుపెట్టుకుందట. ఎడమవైపుది సజలం, కుడివైపుది గాఢం. ప్రాక్టికల్ పరీక్షకు ముందురోజు సాయంత్రం, ఆవిడ పది బల్లలకూ పది చిన్న సీసాలు నింపి ఇంటికి వెళ్ళాక, నా బుద్ధి గడ్డి తిని బీరువా మొత్తం అక్షరక్రమంలో మళ్ళీ సర్దాను. గాఢం ఎడమవైపుకు వచ్చింది.

మర్నాడు ముప్పైమంది పిల్లలు, బల్లకు ముగ్గురు చొప్పున నిలబడ్డారు. బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు మొహంలో నవ్వు మచ్చుకైనా లేదు. ప్రయోగం తేలికే. జింకు ముక్క మీద సజల ఆమ్లం పోస్తే బుడగలు వస్తాయి. ఆ వాయువు దగ్గర వెలిగించిన పుల్ల పెడితే టప్‌మంటుంది. అది హైడ్రోజన్. అయ్యాక నీళ్ళు పోసి టెస్ట్‌ట్యూబు కడిగెయ్యాలి.

అప్పటికే రెండు మూడు బల్లల మీద టప్ టప్‌మంటున్నాయి. సీసాలక్క నా వెనక్కి వచ్చి చొక్కా పట్టుకుని లాగింది.

"సార్, పరీక్ష ఆపండి."

"మతి పోయిందా అక్కా? పక్కన ఎగ్జామినరున్నాడు!"

ఆవిడ గుప్పిట తెరిచింది. పెద్ద సీసా మూతి తుడిచిన తెల్లటి నూలుగుడ్డ. తుడిచినచోట నల్లగా మాడి చిల్లులు పడింది. సజల ఆమ్లం అంతలోనే గుడ్డను అలా చెయ్యదు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"పొద్దున ఒక సీసా పగిలింది సార్. బదులుగా ఇంకోటి నింపా. ఎత్తితే బరువనిపించింది, హడావిడిలో పట్టించుకోలా."

"ఏ బల్ల మీద పెట్టావు?"

"తెలీదు. పదీ ఒకే ట్రేలో పట్టుకెళ్ళి సర్దా. అన్నీ ఒకేలా ఉన్నాయి సార్, అన్నీ ఒకేలా ఉన్నాయి!"

గాఢ ఆమ్లంలో నీళ్ళు పోస్తే ఒక్కసారిగా సలసల కాగి మొహం మీదికి చిమ్ముతుంది. ఆ ముక్క క్లాసులో వందసార్లు చెప్పినవాణ్ణి. భయం పిల్లల గురించి, నిజమే. కానీ సిగ్గు విడిచి చెబుతున్నాను, ఎగ్జామినరు గురించి కూడా. ఆ రెండు భయాల మధ్య నేను కొయ్యబారిపోతే, సీసాలక్క అరిచింది.

"ఎవరూ కదలకండి! ఏదీ ముట్టుకోకండి! నీళ్ళు పొయ్యకండి!"

గది మొత్తం బిగుసుకుపోయింది. కిటికీ దగ్గర ఒక పిల్ల నీళ్ళ గ్లాసు టెస్ట్‌ట్యూబు మీదికి వంచి, అలాగే ఆగిపోయింది. మొహం సరిగ్గా ట్యూబు మీదే ఉంది.

నేను అగ్గిపుల్లల తలలు విరిచేసి, ఒట్టి పుల్లలు తీసుకుని బల్ల బల్లకూ తిరిగాను. ఒక్కో సీసాలో ఒక్కో పుల్ల ముంచి చూడటమే. మొదటి బల్ల పుల్ల తెల్లగానే ఉంది. రెండోది, మూడోది అంతే. నా వాలకం చూసి పిల్లలు మరింత బెదిరారు, ఎవరో ఏడుపు మొదలుపెట్టారు. కిటికీ దగ్గరి బల్ల మీది సీసాలో ముంచిన పుల్ల చూస్తుండగానే గోధుమరంగుకు తిరిగి, నల్లబడింది.

"మా దాంట్లో బుడగలే సరిగ్గా రాలేదు సార్," అంది ఆ పిల్ల, ఇంకా గ్లాసు పట్టుకునే. "ఏదో ఘాటు వాసన వచ్చింది. కడిగేసి మళ్ళీ చేద్దామని..."

గ్లాసు ఆ పిల్ల చేతిలోంచి సీసాలక్కే తీసుకుంది. తీసుకుని నేల మీద కూలబడింది.

ఎగ్జామినరు వచ్చి ఆవిడ ఎదుట నిలబడ్డాడు. "చీటీ మీద అంత పెద్ద అక్షరాలతో రాసుంటే కళ్ళు కనబడలేదా?"

"కనబడతాయి సార్. చదవడం రాదు," అంది.

పన్నెండేళ్ళు ఎవరికీ తెలియనివ్వని మాట, ముప్పైమంది పిల్లల ముందు. దారాలు కత్తిరించింది నేనేనని, బీరువా సర్దింది నేనేనని అప్పుడే చెప్పాలి. గొంతు దాకా వచ్చింది, మింగేశాను. ఆవిడ నావైపు చూడను కూడా లేదు.

మధ్యాహ్నం హెడ్‌మాస్టరు గదిలో కాగితం సిద్ధంగా ఉంది. "సంతకం పెట్టమ్మా," అన్నారాయన. సంతకం వరకు ఆవిడకు వచ్చు. బొమ్మలా గీయడం నేర్చుకుని, అన్నేళ్ళూ ఏ కాగితం ఇచ్చినా అడక్కుండా గీసేది. ఈసారి పెన్ను తీసుకోలేదు. కాగితం నాకు అందించింది.

"ఇంక దాచుకునేదేముంది! ఏం రాశారో చదివి చెప్పండి సార్."

చదివాను. అటెండరు నిర్లక్ష్యం వల్ల సీసా మారిందని, ఉపాధ్యాయుడు అప్రమత్తంగా ఉండి ప్రమాదం తప్పించాడని, తగిన చర్య తీసుకోవాలని ఉంది. ఆ రెండో మాట దగ్గర నా గొంతు నాకే వినిపించలేదు.

ఆవిడ శ్రద్ధగా వింది. నా మొహంలోకి చూసింది.

"అంతేనా సార్ ఉంది?"

"రాసింది అంతే," అన్నాను. "జరిగింది అంతే కాదు. మీరు సంతకం పెట్టకండక్కా." హెడ్‌మాస్టరు గారి ముందున్న కుర్చీ లాక్కుని కూర్చుని, ఇంకో కాగితం అడిగాను.