రైలుకి పట్టే మౌంట్

మా తోడల్లుడంటే నాకు పడదు. ఈ మాట పైకి అనడానికి ఇప్పుడు మొహమాటం కూడా లేదు. మా ఆవిడ అక్కగారి భర్త, మాకు ఆరేడు గంటల దూరంలో బోటనీ డౌన్స్‌లో ఉంటాడు, కంప్యూటర్ల ఉద్యోగం. నాకంటే నాలుగేళ్ళు పెద్ద కాబట్టి "అన్నయ్యగారూ" అనాలి. అంటాను. ఆయనకి తెలియని విషయం ఈ భూమ్మీద లేదు. మన ఇంటి పైకప్పు కారినా, మన కారు మొరాయించినా ఆయన దగ్గర సలహా సిద్ధం. అడగనక్కర్లేదు కూడా.

నేనుండేది పామర్‌స్టన్ నార్త్‌లో, ఆసుపత్రి ల్యాబులో పని. ఐదేళ్ళుగా జింకల వేటకి వెళ్తున్నాను. నేర్పింది పక్కింటి ముసలాయన, వ్యవసాయం మానేసిన కివీ రైతు. మా ఆవిడ మాంసం ముట్టదు. లైసెన్సు వచ్చి తుపాకీ ఇంట్లోకి తెచ్చిన రోజున ఒక్కటే షరతు పెట్టింది.

"కొడితే ఒక్క దెబ్బకి పోవాలి. గాయంతో ఒక్క ప్రాణి పారిపోయిందని తెలిసిందా, ఆ తుపాకీ మళ్ళీ ఈ గడప తొక్కకూడదు."

సరేనన్నాను. ఆవిడ మాటంటే మాటే. అందుకే ఏమాత్రం అనుమానం వచ్చినా ట్రిగ్గర్ మీంచి వేలు తీసేసేవాణ్ణి. ఐదేళ్ళలో అలా ఎన్ని జింకల్ని వదిలేశానో లెక్కలేదు.

కిందటేడు ముసలాయన వృద్ధాశ్రమానికి మారిపోతూ తన పాత జర్మన్ స్కోపు నా చేతిలో పెట్టాడు. "వచ్చే సీజన్‌కి దీంతోనే కొట్టు. ఫొటో తెచ్చి చూపించు" అన్నాడు. తుపాకీ మీద పెట్టుకునే దుర్బిణీలాంటిదే స్కోపంటే. మామూలుగా అది నున్నటి గొట్టం, రెండు రింగులేసి బిగిస్తారు. ఇది అలా కాదు. దీని కడుపు కింద పొడుగునా ఒక పట్టీ ఉంది. దాన్నే రైలంటారు. స్కోపుని తుపాకీకి బిగించే మౌంటు కింద నుంచి వచ్చి ఆ పట్టీని పట్టుకోవాలి, రింగులు పనికిరావు. పట్టీల్లో మళ్ళీ ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. పైన స్కోపుకీ కింద తుపాకీకీ రెండిటికీ కుదరాలి. పెళ్ళి సంబంధం చూసినంత పని.

మా ఊళ్ళో తుపాకుల దుకాణం అతను స్కోపుని బోర్లించి, కొలతలు రాసుకుని, "బయటి దేశం నుంచి రావాలి, ఆరు వారాలు" అన్నాడు. ఆర్డరిచ్చాను. మగజింకలు అరిచే కాలం, ఇక్కడ రోర్ అంటారు, మూడు వారాల్లో ఉంది. నా పాత స్కోపు బీరువాలో శుభ్రంగా ఉంది. దాంతో వెళ్ళొచ్చు. వెళ్ళాల్సింది.

ఆ ఆదివారం ఫోన్లో నోరు జారాను. "రైలుకి పట్టే మౌంట్ దొరకట్లేదు అన్నయ్యగారూ" అన్నాను.

"ఓస్, అంతేనా! ఇంత చిన్నదానికి ఆరు వారాలేంటయ్యా? నేను తెస్తాగా."

శనివారం అక్కచెల్లెళ్ళు కలుసుకోవడానికని అందరూ దిగారు. ఈయన కాళ్ళు కడుక్కోకుండానే డబ్బా తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు. తెరిచి చూద్దును కదా, రెండు రింగులు! తుపాకీ వీపు మీద కూడా ఒక పట్టీ ఉంటుంది, దాన్నీ రైలే అంటారు. ఆ రైలుని పట్టుకునే రింగులు తెచ్చాడు మహానుభావుడు.

"ఆ రైలు కాదండీ. స్కోపు రైలు."

"రైలుకి పట్టేది అన్నావు. ఇది రైలుకే పడుతుంది. తప్పు నాదా?"

ఒళ్ళు మండిపోయింది. మండినా ఏమనగలను? ఏ రైలో నేను చెప్పలేదు, ఏ రైలని ఆయన అడగలేదు. తెలుగులో "కి" ఒకటి తగిలించేసి ఇద్దరం అర్థమైపోయిందనుకున్నాం.

"పోనీ వాపసు ఇచ్చేయండి" అన్నాను.

"దీనికోసం ఊరి ఆ చివర ఆల్బనీ దాకా డ్రైవ్ చేశానయ్యా! వాపసేంటి? అడ్జస్ట్ చేద్దాం."

ఆ మాటంటేనే నాకు అసహ్యం. పెళ్ళి భోజనాల్లో కుర్చీ చాలకపోతే అడ్జస్ట్, అబద్ధం చెబితే అడ్జస్ట్, చేతకాకపోతే అడ్జస్ట్. ఈయన మా గరాజ్‌లోంచి ఆకురాయి తెప్పించుకుని, రింగుల కింది సగాల్లో పట్టీ దూరేంత గాడి అరగదీశాడు. ఖాళీ మిగిలితే నా పాత సైకిల్ ట్యూబు కత్తిరించి ఆ రబ్బరు కూరాడు. రింగుల పై సగాలు వేసి స్క్రూలు బిగించాడు. నేను పక్కన నిలబడి పళ్ళు నూరుకుంటూ చూశాను. నా తుపాకీ, నా టేబులు, నా ట్యూబు. వద్దని గట్టిగా ఒక్కమాట అన్నానా అంటే అనలేదు.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసింది. "ఇదేంటి బావగారూ, ఊడిపోదూ?"

"ఏం మరదలా, నా మీద నమ్మకం లేదా? బండలా ఉంటుంది."

ఆవిడ నావైపు తిరిగి, "కదిలితే మీకెలా తెలుస్తుంది?" అంది. రింగు మీంచి స్కోపు మీదకి ఒక గీత గీస్తారని, కదిలితే గీత తెగుతుందని చెప్పాను. లోపలికెళ్ళి ఎర్ర గోళ్ళరంగు తెచ్చి, తనే ఊపిరి బిగబట్టి సన్నటి గీత గీసింది.

మర్నాడు వాళ్ళు వెళ్ళిపోయాక గురి సరిచూసుకునే రేంజ్‌కి తీసుకెళ్ళాను. మొదటి ఐదు గుళ్ళూ ముచ్చటగా ఒకచోటే పడ్డాయి. తర్వాతివి కిందకి జారాయి. వంగి చూస్తే గీత తప్పింది. దారమంత. రెండు ఎర్ర ముక్కలూ ఒకదానికొకటి ఎదురుగా లేవు.

చూశాను. బాగానే చూశాను. అక్కడే విప్పి పాత స్కోపు పెట్టుకుంటే సరిపోయేది. కానీ ఈయన ఫోన్ చేస్తాడు, "నువ్వు సరిగ్గా బిగించలేదు" అంటాడు, ఆ మాట నేను వినాలి. ఛీ, వినను! స్క్రూలు ఇంకో చుట్టు తిప్పాను. స్కోపు మరలు తిప్పి గురి మళ్ళీ మధ్యకి తెచ్చాను. అంటే అడ్జస్ట్ చేశాను, నేను కూడా.

మూడో వారం రువాహీనే కొండల్లోకి ఒక్కణ్ణే వెళ్ళాను. పొద్దున్నే లోయ అవతల మగజింక అరుస్తూ ఎండలోకి వచ్చింది. దూరం ఎక్కువ కాదు, గాలి లేదు, ఐదేళ్ళలో అంత సుళువైన గురి నాకెప్పుడూ దొరకలేదు. కొట్టాను. జింక వెనక కాళ్ళు ముడుచుకుని, వీపు వంచి, పొదల్లోకి దూరిపోయింది. అక్కడికెళ్ళి చూస్తే ఆకుల మీద నెత్తురు, నెత్తుటిలో నమిలిన గడ్డి. పొట్టలో తగిలింది. అలాంటి దెబ్బ తిన్న జింక వెంటనే చావదు. సాయంత్రం దాకా వెతికాను. మర్నాడూ వెతికాను. వాగు దగ్గర జాడ పోయింది. ఆ రెండు రోజులూ మా తోడల్లుణ్ణి పేరుపెట్టి తిట్టాను, తెలుగులో నాకొచ్చిన బూతులన్నీ అక్కడే అయిపోయాయి.

ఇంటికొచ్చి దాచలేదు. దాచలేదని గొప్ప చెప్పుకోవడం కాదు, నా మొహం చూస్తూనే ఆవిడకి తెలిసిపోయింది. జరిగింది చెప్పి, ఆపకుండా మీ బావగారి రబ్బరు ముక్క, మీ బావగారి తెలివి అంటూ దులిపేశాను. ఆవిడ తుపాకీ సంచి జిప్పు తీసింది. గీత రెండు ముక్కల మధ్య ఇప్పుడు బియ్యపుగింజంత ఎడముంది.

"ఇదంతా కొండ మీదే జరిగిందా?"

సంచి జిప్పు మళ్ళీ వేయబోయాను.

"రేంజ్‌లో కొంచెం..." అన్నాను.

"బావగారికి నోరే తప్ప ఏమీ తెలీదు," అంది. "మీకు తెలుసు."

సోమవారం తుపాకీని దుకాణంలో అప్పగించేశాను. మరో మూడు వారాలకి అసలైన మౌంటు పోస్టులో వచ్చింది. స్కోపు పట్టీలోకి పెడితే టిక్కుమని కూర్చుంది. ఇసుమంత కదలిక లేదు. దాని కింద పెట్టడానికి తుపాకీయే లేదు. ముసలాయన ఫొటో అడుగుతాడని వృద్ధాశ్రమం వైపు ఇంకా వెళ్ళలేదు.

మొన్న ఈయన ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టాను. మా ఆవిడ పక్కనే బెండకాయలు తరుగుతోంది.

"ఏమయ్యా, మన మౌంట్ ఎలా ఉంది?"

ఎన్ని వారాలుగానో ఈ ప్రశ్నకోసమే కడుపులో తిట్లు దాచుకున్నాను. కత్తి చప్పుడు ఆగింది.

"గీత తప్పింది అన్నయ్యగారూ," అన్నాను. "చూసి కూడా వెళ్ళాను."

"ఏ గీతయ్యా?" అన్నాడు.

ఆయనకి నిజంగానే తెలీదు.