ఎడంపక్క అతుకు

పోయిన వారం మా అపార్ట్‌మెంట్‌లో కింది వాటావాళ్ళు వంటింటి టైల్స్ మధ్య సందులు పూడ్పించుకుంటుంటే మెట్ల మీదికి ఎపాక్సీ జిగురు వాసన వచ్చింది. కూరగాయల సంచీతో అక్కడే నిలబడిపోయాను. లోపల పనిచేస్తున్నాయన రెండు డబ్బాల్లోంచి ఇంత తీసి రేకుముక్క మీద కలుపుతున్నాడు. "రెండూ కొలిచే కలిపారా అండీ?" అని అడిగాను. ఆయన తలెత్తి నవ్వాడు. "చేతికి అలవాటైపోయిందండి మేడంగారూ, కొలవక్కర్లేదు." ముప్ఫై ఏళ్ళు నరసాపురంలో హైస్కూలు పిల్లలకి రసాయనశాస్త్రం చెప్పినదాన్ని, ఆ మాటకి అక్కడికక్కడ చిన్న పాఠం చెప్పి ఉండాల్సింది. పైకి వచ్చి తలుపు వేసుకుని కూర్చున్నాను.

ఆ వాసనలో మేము రెండేళ్ళు బతికాం, మా తమ్ముడూ నేనూ. వాడు పెద్ద ఓడల్లో ఎలక్ట్రీషియన్‌గా ఇరవై ఏళ్ళు తిరిగి, ఇక చాలని ఇంటికొచ్చాడు. నాకు భర్త పోయి అప్పటికి నాలుగేళ్ళు. వాడేమో పెళ్ళి చేసుకోలేదు. ఇద్దరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. వచ్చిన నెలకే వాడు ఫోన్లో ఒక బొమ్మ చూపించాడు: మన పడకగదికంటే కాస్త పొడుగుండే పడవ. ప్లైవుడ్‌తో ఎవరికి వారే చేసుకుని, ఒక్కరే ఎక్కి, తెరచాప మీద మహాసముద్రం దాటే పందెం ఉందట. "ఇంజను ఉండదా?" అన్నాను. "పందెంలో వాడకూడదక్కా." "మరి నిద్ర?" "ముక్కలు ముక్కలుగా." ఇరవై ఏళ్ళు ఓడ అడుగున మోటార్ల మధ్య గడిపినవాడికి సముద్రం పైకొచ్చి చూడాలనిపించడంలో వింతేముందిలే అనుకున్నాను. రెండు రోజుల్లో మరిచిపోతాడనీ అనుకున్నాను.

మరిచిపోలేదు. గోదారి పాయ వశిష్ట గట్టు దగ్గర మూతపడ్డ కొబ్బరిపీచు షెడ్డు ఒకటి అద్దెకి తీసుకున్నాడు. చేపల వేటకెళ్ళేవాళ్ళ నావలు చేసి చేసి చేతులు కాయలు కాసిన ముసలి మేస్త్రీని ఒకాయన్ని బతిమాలి తెచ్చుకున్నాడు. ఆయన మొదటిరోజు ప్లైవుడ్ పలకని వేలితో కొట్టి చూసి, "ఇది బీరువాలకి పనికొస్తదండి బాబూ, సముద్రానికేంటండి" అన్నాడు. అన్నాడే గానీ మర్నాడు అందరికంటే ముందే వచ్చాడు. పలకల అంచుల్లో కన్నాలు పొడిచి రాగి తీగతో కుడతారు, పైన ఆ ఎపాక్సీ రెజిన్‌తో అతుకుతారు, దానిమీద ఫైబర్ గుడ్డ పరుస్తారు. సెలవుల్లో కుట్టుపని నాదే. జాకెట్టుకి హుక్కు సరిగా కుట్టలేనిదాన్ని పడవ కుడుతున్నానని వీధిలోవాళ్ళు నవ్వేవారు. రెజిన్ కలిపే పని కూడా నాకే అప్పగించాడు. "కొలత నీకంటే ఎవరికి తెలుస్తుందక్కా" అన్నాడు. ఆ మాటకి నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అది ముసురు పట్టిన శ్రావణమాసం. పడవని కంటైనర్లో పంపాల్సిన రోజు దగ్గరపడింది. ముందు భాగంలో అడ్డుగోడని పడవ ఒంటికి కలిపే అతుకు వేస్తున్నాం. నేను డబ్బా మీది పంపు నొక్కుతూ రెజిన్ తీస్తుంటే హెడ్మాస్టరు గారి ఫోను వచ్చింది, ఏవో మార్కుల జాబితాలు కావాలట. మాట్లాడుతూనే దాన్ని గట్టిపరిచే హార్డెనర్ కూడా తీశాను. ఎన్ని నొక్కులు నొక్కానో లెక్క తప్పింది. తప్పిందని తెలుసు, పాళ్ళు తప్పితే అతుకు గట్టిపడదనీ తెలుసు. పారబోసి మళ్ళీ కలపచ్చు. కలపలేదు. ఆ గిన్నె తమ్ముడి చేతికిచ్చాను. వాడు ఎడంపక్క అతుకంతా దాంతోనే వేశాడు.

మూడోనాటి మధ్యాహ్నానికి కుడిపక్క అతుకు రాయిలా అయింది. ఎడంపక్క మాత్రం గోరు దిగుతోంది. తమ్ముడు తెరచాపల గురించి కాకినాడ వెళ్ళాడు. మేస్త్రీగారు బొటనవేలితో దాన్ని తడిమి నా వంక చూశారు. "టీచరుగారండీ, ఇది ఆరిందంటారా?"

"చెమ్మ కదండీ. ఆరుతుంది."

ఆయన బొటనవేలు పంచెకి తుడుచుకుని పక్కకి తప్పుకున్నారు. చదువుకున్నదాన్ని, ఆ పాఠం చెప్పేదాన్ని, నా మాట మీద ఆయన మాటేం చెల్లుతుంది? గీకి తీసి మళ్ళీ వెయ్యాలంటే మూడు వారాలు పడుతుంది, కంటైనర్ వెళ్ళిపోతుంది, ఆ ఏడాది పందెం పోతుంది. పైగా తప్పు నాదని వాడికి తెలుస్తుంది. నేనే ఫైబర్ గుడ్డ కత్తిరించి దానిమీద పరిచేశాను. ఈసారి రెజిన్ బొట్టు బొట్టు కొలిచి కలిపాను.

పడవ గోదాట్లో దిగిన రోజు గట్టంతా జనం. ముక్కుమీద కొబ్బరికాయ కొడతానని మేస్త్రీగారు, రంగు పోతుందని తమ్ముడు. చివరికి పక్కన రాయిమీద కొట్టి నీళ్ళు పడవమీద చల్లారు. కంటైనర్ బయల్దేరేలోగా వారం రోజులు నదిలోనూ, అంతర్వేది దగ్గర సముద్రంలో కలిసే చోటు దాకానూ తిప్పి చూసుకున్నాడు. ఎక్కడా చుక్క నీరు రాలేదు. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆరిపోయే ఉంటుంది అనుకున్నాను.

పోర్చుగల్ తీరం నుంచి అట్లాంటిక్ అవతలి దీవి దాకా పందెం. ఫోన్లో ఒక్కో పడవ ఒక్కో చుక్కలా కనబడేది. ఊళ్ళో టీ కొట్టుల దగ్గర కూడా మా వాడి చుక్క చూసుకునేవారు. పదిహేనోరోజుకి వాడు ఐదో స్థానంలో ఉన్నాడు. పంతొమ్మిదోనాడు ఉదయం ఇడ్లీ పిండి రుబ్బుతూ చూస్తే చుక్క కదలడం లేదు. మధ్యాహ్నానికి పందెంవాళ్ళ ఫోను వచ్చింది. మనిషి క్షేమం, దారిన పోయే సరుకుల ఓడ ఎక్కించుకుంది, పడవని ఎత్తడం వాళ్ళవల్ల కాలేదు, వదిలేశారు అని. నేను మొదట దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఆ తరవాత నాకు తట్టిన ఆలోచన చెప్పుకోవడానికి కూడా వీల్లేనిది. ఇక ఆ పడవని విప్పి చూసేవాళ్ళు ఎవరూ ఉండరని.

ఇంటికొచ్చాక వాడు మేస్త్రీగారి ఎదుట మంచం మీద కూర్చుని చెప్పాడు. "ముందు అడ్డుగోడ, ఎడంపక్క అతుకు విడిపోయింది. పడవ ఒళ్ళు ఊగి పగిలింది. రెండు రోజులు నీళ్ళు తోడాను. ఆ అతుకు వేసింది నేనే బాబాయ్. తొందరపడ్డాను." మేస్త్రీగారు నా వంక చూశారు. నేను కాఫీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను.

తరవాత ఎవరో విదేశీయుడు తనకీ ఒక పడవ చేసిపెట్టమని మావాడికి రాశాడు. తమ్ముడు పనిముట్లన్నీ ఎవరికో ఇచ్చేశాడు. "నా చేతులు నమ్మదగ్గవి కావక్కా." ఇప్పుడు భీమవరం అవతల రొయ్యల చెరువుల మీద నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ల మోటార్లు బాగుచేస్తూ, చెరువు గట్టునే రేకుల గదిలో ఉంటున్నాడు. ఆ మోటార్లకి బిగించిన ప్రతి నట్టూ మళ్ళీ మూడుసార్లు విప్పి బిగిస్తాడని పనివాళ్ళు చెబుతారు. మేస్త్రీగారు పోయిన ఏడాది వానల్లో కన్నుమూశారు.

ఆ వాసన వచ్చిన మర్నాడు బస్సెక్కి వాడి దగ్గరికి వెళ్ళాను. గట్టు మీద కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఫోను, నొక్కుల లెక్క, గోరు దిగడం, గుడ్డ పరచడం. వాడు విని, నా చెయ్యి పట్టుకుని మెల్లగా నిమిరాడు.

"ఇన్నేళ్ళ తరవాత నాకోసం ఇంత కథ అల్లుకొచ్చావా అక్కా?"

"కథ కాదురా. ఒట్టు. మేస్త్రీగారికి తెలుసు."

"పోయినాయన్ని అడగలేం కదే." నవ్వాడు. "నీ కొలత తప్పుతుందంటే ఎవరు నమ్ముతారు? నా తప్పు నాకు తెలుసు. నువ్వు బెంగ పెట్టుకోకు." లేచి నాకోసం కొబ్బరిబోండాం కొట్టడానికి వెళ్ళాడు. మళ్ళీ ఆ మాట ఎత్తితే, వద్దన్నట్టు తల ఊపాడు. సాయంత్రం బస్సు దాకా వచ్చి సీటు చూసి కూర్చోబెట్టాడు.

ఆ మధ్యాహ్నం ఒక్క మాట చెబితే మూడు వారాలు పోయేవి. చెప్పకుండా దాచుకున్న ఏడేళ్ళు నా నిజాన్ని ఓదార్పు మాట చేసేశాయి. దాన్ని మళ్ళీ నిజం చెయ్యడానికి నాకు మిగిలిన ఏళ్ళు చాలవు.